అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: రిటర్న్ టికెట్, ఐ-94, ఆరు నెలల లెక్క ఎలా చూసుకోవాలి

కూతురి పురిటికో, మనవడి మొదటి పుట్టినరోజుకో, ఊరికే పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వద్దామనో అమెరికా వెళ్లే అమ్మానాన్నల గురించి అందరూ అడిగేవి దాదాపు ఇవే. పదేళ్ల వీసా ఉంది కదా, ఎన్నాళ్లయినా ఉండొచ్చా? రిటర్న్ టికెట్ లేకపోతే విమానం ఎక్కనివ్వరా? ఆరు నెలలు ఉండి వచ్చాక మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు?

వీసా చేతికొచ్చిన దగ్గర్నుంచి తిరిగి శంషాబాద్‌లో దిగేదాకా ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఇది బీ1/బీ2 విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్ల కోసం. ఇంటర్వ్యూ సంగతులు ఇందులో లేవు. టికెట్లు బుక్ చేసేది ఎక్కువగా అక్కడున్న కొడుకో కూతురో కాబట్టి, 'మీరు' అన్నచోటల్లా వాళ్లే అనుకోండి.

ముందు మూడు తేదీలు

వీసా మీద ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీలోపు ఎప్పుడైనా అమెరికా గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టొచ్చు, అంతే. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది రెండో తేదీ, ఐ-94 రికార్డులో ఉండేది. దిగిన ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఇచ్చేది అదే. మూడోది మీ రిటర్న్ టికెట్ తేదీ.

టికెట్ తేదీ ఎప్పుడూ ఐ-94 తేదీ కంటే ముందుండాలి. వీసా 2033 దాకా ఉన్నా, ఐ-94 నవంబరు 9 అంటే నవంబరు 9 లోపు బయల్దేరాల్సిందే. అదే అమెరికాలో ఉండగా వీసా గడువు అయిపోయి, ఐ-94 ఇంకా మిగిలి ఉంటే కంగారు పడక్కర్లేదు. ఐ-94 తేదీ దాకా ఉండొచ్చు.

కావలసినవి

- పాస్‌పోర్టులు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ. పాత దాన్నుంచి వీసా పేజీ చింపొద్దు, స్టిక్కర్ పీకొద్దు.
- తేదీ మార్చుకునే వీలున్న రానూపోనూ టికెట్, దాని ప్రింటు.
- మీ ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు రాసిన కాగితం. అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి.
- మీ వీసా లేదా గ్రీన్ కార్డు జిరాక్స్. అడిగితేనే చూపించాలి.
- ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్. అమెరికా రూల్స్ ప్రకారం తప్పనిసరి కాదు. అక్కడి ఆసుపత్రి బిల్లులు తెలిసినవాళ్లెవరూ అది లేకుండా పెద్దవాళ్లను తీసుకురారు.
- వాడే మందులు, డాక్టర్ చీటీతో సహా. చేతి సంచిలోనే పెట్టాలి.

1. పాస్‌పోర్ట్ గడువు చూడండి

వచ్చే తేదీకి కాదు, తిరిగి వెళ్లే తేదీకి ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉందో లేదో చూడండి. గడువు తక్కువుంటే ఐ-94 కూడా పాస్‌పోర్ట్ గడువు తేదీకే ఆగిపోయే అవకాశం ఉంది. అప్పుడు ఆరు నెలలని వచ్చినవాళ్లకు మూడో నెలకే టెన్షన్ మొదలవుతుంది. ముందే పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లి రెన్యువల్ చేయించడం తేలిక. వీసా పాత పుస్తకంలోనే చెల్లుతుంది.

పేరు కూడా ఇప్పుడే చూడండి. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. అలాంటప్పుడు పేరంతా వీసాలో ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. అది తప్పు కాదు, మార్పించాల్సిన పనీ లేదు. టికెట్ మీద పేరు ఎలా వేయాలో మాత్రం విమాన సంస్థను అడిగి వేయించండి.

2. తేదీలు ఎంచుకోండి

బీ2 మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. కానీ ఆ ఆరు నెలలు మనం అనుకునేదానికంటే ఒక రోజు తక్కువ ఉండటం మామూలు. మే 10న దిగితే ఐ-94 నవంబరు 9 అని వస్తుంది. మే 10కి సరిగ్గా ఆరు నెలలు లెక్కేసి నవంబరు 10కి టికెట్ తీస్తే గడువు దాటినట్టే.

అర్ధరాత్రి విమానాలతో ఇంకో చిక్కు. నవంబరు 9 రాత్రి ఇంట్లో బయల్దేరి, 12:40కి ఎక్కే విమానం తేదీ నవంబరు 10. మన లెక్కలో అది 9 రాత్రే, వాళ్ల రికార్డులో 10. ఒక్క రోజే కదా అనిపిస్తుంది గానీ, ఒక్క రోజు దాటినా ఆ వీసా చట్టప్రకారం రద్దయినట్టే లెక్క.

అందుకే టికెట్‌ను ఆరు నెలలకు కాకుండా ఐదున్నర నెలల లోపు పెట్టుకోండి. పై ఉదాహరణలో అక్టోబరు 25 దాటకూడదు. మిగిలిన రెండు వారాలు జ్వరాలకు, విమానాల రద్దుకు, మంచు తుఫాన్లకు.

నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు అయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి. అమెరికాలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా ఇవ్వొచ్చు. కాన్సులేట్ మీ ఊరికి ఐదు గంటల దూరంలో ఉంటే అక్టోబరులోనే ఇండియా చేరడం సుఖం.

3. ఏ దారిన రావాలో చూడండి

దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వస్తే విమానం మారడానికి వీసా అక్కర్లేదు. అబుదాబిలో ఇంకో సౌకర్యం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తి చేస్తారు, అమెరికాలో దిగాక దేశీయ విమానం దిగినట్టు బయటకు వచ్చేయొచ్చు. అలా వచ్చేవాళ్లు ప్రశ్నలకు అబుదాబిలోనే సిద్ధంగా ఉండాలి. కొడుకు ఎదురొచ్చి మాట్లాడతాడులే అనుకోవడానికి వీల్లేదు.

యూరప్, లండన్ మీదుగా వస్తే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా వల్ల మామూలుగా ట్రాన్సిట్ వీసా మినహాయింపు దొరుకుతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. అమెరికాలో ఉండగా వీసా గడువు అయిపోతే ఆ మినహాయింపు పోవచ్చు. వీసా చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు గల్ఫ్ దారే తీయండి.

టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి. ఉచితం. నడవలేనివాళ్ల కోసమే అనుకుని మొహమాటపడేవాళ్లు చాలామంది. భాష రాని పెద్దవాళ్లను ఒక గేటు నుంచి ఇంకో గేటుకు, ఇమిగ్రేషన్ లైను దాకా చేర్చేది ఆ మనిషే.

4. టికెట్ బుక్ చేయండి

వీసా మీద వచ్చే భారతీయులకు రిటర్న్ టికెట్ ఉండి తీరాలని అమెరికా రూలేమీ లేదు. వీసా లేకుండా అమెరికా వచ్చే దేశాల పౌరులకు ఆ నిబంధన ఉంది, ఆ జాబితాలో మనం లేం. ఆన్ అరైవల్ వీసా మీద బాలి వెళ్లొచ్చినవాళ్లు అక్కడ అడిగిన రిటర్న్ టికెట్‌ను గుర్తుపెట్టుకుని, ఇక్కడా అదే అనుకుంటారు.

రూలు లేకపోయినా టికెట్ ఉండాలనే నేను చెప్తాను. చెకిన్ కౌంటర్‌లో అడగొచ్చు, అటువైపు ఆఫీసర్ అడగొచ్చు. 'ఎప్పుడు తిరిగెళ్తారు' అన్న ప్రశ్నకు టికెట్‌ను మించిన జవాబు లేదు. పైగా వన్ వే రెండుసార్లు తీస్తే మామూలుగా ఖర్చెక్కువ.

బుక్ చేసేటప్పుడు ఇవి చూడండి:

- తేదీ మార్పుకు ఛార్జీ ఎంత? ఛార్జీ లేదన్నా కొత్త తేదీ ధర ఎక్కువుంటే ఆ తేడా కట్టాలి.
- ఏజెంటు దగ్గర తీస్తే మార్పులు కూడా మామూలుగా ఏజెంటు ద్వారానే. మీరు డల్లాస్‌లో, ఏజెంటు అమీర్‌పేటలో అయితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో ఆలోచించుకోండి. విమాన సంస్థ సైటులోనే తీయడం మేలు.
- సంస్థ దగ్గర నేరుగా, ప్రయాణానికి ఏడు రోజులో అంతకంటే ముందో తీసిన టికెట్‌ను 24 గంటల్లో రద్దు చేసుకుంటే, అమెరికా విమానాలకు డబ్బు పూర్తిగా వెనక్కి రావాలి, లేదా ఆ సంస్థ డబ్బు కట్టకుండానే 24 గంటలు ధర నిలిపి ఉంచాలి. పేరులో తప్పు పడితే ఆ రోజే సరిచేయండి.
- వచ్చేటప్పటి విమానం ఎక్కకపోతే అదే టికెట్ మీదున్న తిరుగు ప్రయాణం కూడా రద్దవుతుంది.

డమ్మీ టికెట్ల గురించి: డబ్బు తీసుకుని పీఎన్ఆర్ ఉన్న కాగితం ఇస్తారు, రెండు రోజుల్లో అది ఆగిపోతుంది. రూలే లేని చోట దొంగ కాగితం చూపించి అనుమానం తెచ్చుకోవడం ఎందుకు? ఆఫీసర్ ముందు అబద్ధం అని తేలితే టికెట్ లేకపోవడం కంటే చాలా పెద్ద తప్పు. రిటర్న్ తేదీ తేలకపోతే తేదీ మార్చుకునే టికెట్ తీయండి.

5. ప్రశ్నలకు సిద్ధం చేయండి

బట్టీ పట్టించొద్దు. నాలుగు విషయాలు అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ తెలిస్తే చాలు: ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, వాళ్లు ఏ ఊళ్లో ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు, తిరుగు టికెట్ ఏ తేదీకి.

'ఎన్నాళ్లు ఉంటారు' అంటే 'పదేళ్ల వీసా ఉంది' అనేవాళ్లున్నారు. 'అబ్బాయికి తెలుసు' అనేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. 'ఐదు నెలలు, అక్టోబరు 20న టికెట్ ఉంది' అంటే సరిపోతుంది, కావాలంటే ప్రింటు చూపిస్తారు.

ఇంగ్లిష్ రాకపోతే అర్థం కాని ప్రశ్నకు తలూపి 'యస్' అనకూడదు. 'తెలుగు' అని చెప్పి ఇంటర్‌ప్రెటర్‌ను అడగాలి. ఫోన్‌లో తెలుగు మాట్లాడేవాళ్లను కలిపే ఏర్పాటు వాళ్లకుంది. కాస్త ఆలస్యమైనా తప్పు జవాబు చెప్పడం కంటే నయం.

ఎందుకొచ్చారు అన్న ప్రశ్న దగ్గర చాలామంది జారిపోతారు. మనవరాలిని చూడటానికి, కూతురి దగ్గర ఉండటానికి వస్తే అదే చెప్పాలి. 'వాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లను మేమే చూసుకోవాలి' అంటే ఆఫీసర్ చెవికి అది ఆయా పని. విజిటర్ వీసా మీద పని చేయకూడదు. అసలు ఉద్దేశమే డేకేర్ ఖర్చు మిగుల్చుకోవడమైతే, మాట మార్చి చెప్పించడం కాదు, ఆ ఆలోచనే మార్చుకోండి.

సామాన్లలో తినేవి ఉంటే అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పాలి. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు పెట్టొద్దు. దాచి దొరికితే జరిమానా.

6. దిగిన రోజే ఐ-94 తీయండి

ఈ పని వాయిదా వేయొద్దు. పాస్‌పోర్టులో ముద్ర వేయడం చాలాచోట్ల మానేశారు. వేసినా తేదీ అర్థం కాకపోవచ్చు. అసలు రికార్డు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది.

అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ, ఐ-94 సైటు తెరవండి. చిరునామా చివర 'డాట్ గవ్' ఉండాలి. విమానంలో వచ్చినవాళ్లు రికార్డు చూడటానికి ఏమీ కట్టక్కర్లేదు, డబ్బు అడిగితే అది వేరే ఎవరిదో సైటు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, పౌరసత్వం ఇస్తే తాజా ఐ-94 వస్తుంది. డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పెట్టండి. అమ్మకు వేరే, నాన్నకు వేరే. ఇద్దరికీ ఒకే తేదీ ఇచ్చి ఉంటారని అనుకోవద్దు.

రికార్డు దొరకకపోతే వరసగా ఇలా ప్రయత్నించండి:

- వీసా మీద ఉన్నట్టే పేరు వేయండి. ఎఫ్‌ఎన్‌యూ ఉంటే పేరు గడిలో అదే కొట్టండి.
- పేరులో రెండు మూడు మాటలుంటే మొదటి గడిలో అన్నీ కలిపి వేసి చూడండి, తర్వాత ఒకటే వేసి చూడండి.
- పేరు, ఇంటిపేరు తారుమారు చేయండి.
- రెండు పాస్‌పోర్టులుంటే రెండో నంబరు వేయండి.
- అప్పటికీ రాకపోతే ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూడండి.

వచ్చాక మూడు చూడాలి: పాస్‌పోర్ట్ నంబరు సరిగ్గా ఉందా, కేటగిరీ బీ2 అని ఉందా, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీ ఏంటి. అమెరికా వాళ్లు అంకెల్లో రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. 11/09 అంటే నవంబరు 9, సెప్టెంబరు 11 కాదు. తప్పు కనిపిస్తే సీబీపీ వారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుల్లో సరిచేస్తారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఉంటాయి, వెళ్లేముందు ఫోన్ చేయండి.

ఇప్పుడు ఆ తేదీని టికెట్ తేదీ పక్కన పెట్టి చూడండి. టికెట్ తర్వాత ఉంటే ఈ రోజే మార్చండి. ఐదు నెలల తర్వాత ధరలు ఇలా ఉండవు.

7. ఉన్నన్నాళ్లూ

నయాగరా చూడటానికి వెళ్లి, 'అవతలి వైపు నుంచి ఇంకా బాగుంటుందట' అని వంతెన దాటేయొద్దు. కెనడాకు వేరే వీసా కావాలి. మెక్సికోకు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చాలు. ఈ రెండు దేశాలకూ వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే మామూలుగా పాత ఐ-94 తేదీయే నడుస్తుంది. పక్క దేశం వెళ్లొస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయన్న మాట నమ్మొద్దు.

8. ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే

ఆపరేషన్ పడింది, పురుడు కష్టమైంది, ప్రయాణం చేయొద్దని డాక్టర్ చెప్పారు, ఇలాంటి కారణాలుంటే పొడిగింపు అడగొచ్చు. దరఖాస్తు ఐ-539, పంపాల్సింది అమెరికా పౌరసత్వ, ఇమిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు. 2024 ఏప్రిల్ 1న వచ్చిన ఫీజుల ప్రకారం ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. కట్టేముందు వాళ్ల ఫీజుల పేజీలో ఒకసారి సరిచూసుకోండి.

1) ఐ-94 తేదీకి కనీసం 45 రోజుల ముందు వేయమని యూఎస్‌సీఐఎస్ సలహా. చివరి గడువు ఐ-94 తేదీయే. ఒక్క రోజు దాటాక వేస్తే చాలా కష్టం.

2) కారణం చెప్పే లేఖ, దానికి ఆధారం, ఖర్చులు ఎవరు భరిస్తున్నారో చూపే బ్యాంకు కాగితాలు, కొత్త తేదీకి మార్చిన రిటర్న్ టికెట్, ఇండియాలో ఇల్లూ పొలం పింఛను లాంటి ఆధారాలు జత చేయండి. 'పిల్లలతో ఇంకా ఉండాలనిపిస్తోంది' అన్న ఒక్క వాక్యంతో పంపొద్దు.

3) భార్యాభర్తలిద్దరూ ఉంటే రెండో వాళ్ల వివరాలు కూడా చేర్చాలి, కాగితం మీదైతే దానికి ఐ-539ఏ ఉంది. నాన్న పేరు మీద వేసి అమ్మకూ అయిపోయిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. రసీదు వచ్చాక ఇద్దరి పేర్లూ దరఖాస్తులో ఉన్నాయో లేదో చూడండి.

సమయానికి వేసి ఉంటే, ఐ-94 తేదీ దాటినా నిర్ణయం వచ్చేదాకా ఉండొచ్చు. కానీ మీరు అడిగిన కొత్త తేదీ కూడా వచ్చేస్తే, జవాబు వచ్చినా రాకపోయినా బయల్దేరడమే మంచిది. ఈలోగా తిరస్కరిస్తే వెంటనే వెళ్లిపోవాలి. పాత ఐ-94 తేదీ దాటాక తిరస్కారం వస్తే వీసా కూడా పోయే ప్రమాదం ఉంది. అందుకే గట్టి కారణం లేకుండా పొడిగింపు జోలికి వెళ్లొద్దని నా అభిప్రాయం.

ఆమోదం వస్తే కొత్త ఐ-94 ఆమోదం తెలిపే ఉత్తరం కిందనే ఉంటుంది. సీబీపీ సైటులో మాత్రం పాత తేదీయే కనిపించొచ్చు, కంగారు పడొద్దు. ఆ ఉత్తరం అసలు ప్రతి దాచండి, వచ్చేసారి అడుగుతారు.

గడువు దాటి 180 రోజులకు మించి ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది అంతకుమించి ఉంటే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

9. తిరిగి వెళ్లేటప్పుడు, వెళ్లాక

అమెరికాలో బయటకు వెళ్లేటప్పుడు మనలా ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. విమాన సంస్థ ఇచ్చే ప్రయాణికుల జాబితాతో వెళ్లినట్టు నమోదవుతుంది, చాలాచోట్ల గేటు దగ్గర ఫొటో తీస్తున్నారు. రికార్డు తప్పే వీలుంది కాబట్టి బోర్డింగ్ పాసులు పారేయొద్దు. శంషాబాద్‌లో పడే ముద్ర కూడా సాక్ష్యమే. ఇంటికి చేరిన వారం పది రోజులకు అదే ఐ-94 సైటులో ప్రయాణ చరిత్ర తెరిచి, బయల్దేరిన తేదీ పడిందో లేదో చూడండి.

మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు? ఇన్ని నెలలు ఆగాలని చట్టంలో లేదు. ఆరు నెలలు ఉంటే ఆరు నెలలు ఆగాలన్నది జనం అనుకునే మాట. అయితే ఆఫీసర్ పాత రాకపోకలన్నీ చూస్తారు. ఏడాదిలో ఎక్కువ రోజులు అమెరికాలోనే గడుస్తున్నట్టు కనిపిస్తే 'వీళ్లు వచ్చిపోయేవాళ్లా, ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లా' అన్న ప్రశ్న వస్తుంది. తక్కువ రోజులు ఇవ్వొచ్చు, వెనక్కి పంపనూ వచ్చు. ఇండియాలో గడిపే రోజులు అక్కడి కంటే ఎక్కువుండేలా చూసుకోండి.

ఏటా వెళ్లేవాళ్లు పట్టించుకోనిది ఇంకోటి ఉంది, ట్యాక్స్. ఈ ఏడాది ఉన్న రోజులు, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు కలిపితే 183 వస్తే, విజిటర్ అయినా అమెరికా పన్ను రెసిడెంట్‌గా లెక్కపెట్టొచ్చు. ఏటా 175 రోజులు ఉండేవాళ్లకు 175, 58, 29 కలిపి 262 అవుతుంది. ఈ ఏడాది రోజులు 183 లోపు ఉండి, ఇల్లూ ఆదాయమూ ఇండియాలోనే ఉన్నాయని చూపించగలిగితే ఫారం 8840 వేసి బయటపడొచ్చు. మూడేళ్ల రోజుల లెక్క ఆ ప్రయాణ చరిత్ర పేజీలోనే దొరుకుతుంది. దాన్ని ప్రింటు తీసి, అమెరికా పన్నులు తెలిసినవాళ్లకు చూపించండి.